మేడ్చల్ మట్టిబాటలో మంచుదేశపు పరుగు

డిసెంబరు చివరి ఆదివారం. మేడ్చల్ చేరేసరికి ఇంకా తెల్లవారలేదు. నాగ్‌పూర్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి మీద లారీలు పసుపు లైట్లు వేసుకుని నెమ్మదిగా పోతున్నాయి. టీ కొట్టు పక్కన ఎండుకట్టెలు, అట్టపెట్టెలు వేసి రాజేసిన మంట చుట్టూ హమాలీలు మంకీ టోపీలు పెట్టుకుని కూర్చున్నారు. నగరంలో ఇళ్ల మధ్య అంతగా తెలియని చలి, ఇక్కడ పొలాలు మొదలవగానే చెవుల్ని పట్టుకుంటుంది. ఫోన్‌లో 12 డిగ్రీలు చూపిస్తోంది. నేను వచ్చిందే ఈ చలి కోసం. ఎండ ఎక్కితే చూడదలచుకున్న పరుగు ఆగిపోతుంది.

ఆ పరుగు కుక్కలది. మంచుదేశాల్లో కుక్కలను స్లెడ్జి బండ్లకు కట్టి పందెం నడుపుతారు. మంచు పడని నెలల్లో వాటి కాళ్లకు పని తప్పిపోకుండా చక్రాల బండ్లకు, సైకిళ్లకు కట్టి మట్టి మీద పరుగెత్తించడం మొదలుపెట్టారు. అది పెరిగి పెరిగి డ్రైల్యాండ్ పేరుతో విడిగా ఒక ఆటే అయింది. మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మధ్య ఒక తోటలో, కుక్కలను పెంచుకునేవాళ్లు కొందరు చలికాలపు ఆదివారాల్లో చేరి ఈ ఆట ఆడుతున్నారని ఒక మిత్రుడు చెప్పాడు. బ్యానర్లు, కప్పులు, మైకులు ఏవీ ఉండవని, ఆరింటికల్లా వస్తేనే చూడగలవని కూడా చెప్పాడు.

ఈ ప్రాంతమంతా ఒకప్పుడు ద్రాక్షతోటలు. హైదరాబాద్ అనాబ్-ఇ-షాహీ ద్రాక్షకు పేరు తెచ్చిన పల్లెల్లో ఇవీ ఉన్నాయి. ఇప్పుడు ఆ పందిళ్ల చోట విల్లాలు, ఫంక్షన్ హాళ్లు, ఫామ్‌హౌసులు లేచాయి. నేను వెళ్లిన తోటలో మాత్రం పందిరి మోసిన రాతి కడీలు కొన్ని ఇంకా వరసగా నిలబడి ఉన్నాయి. తీగలు లేవు. కడీల మధ్య జాలీ బిగించి, ఊరెళ్లేవాళ్లు తమ కుక్కలను వదిలి వెళ్లడానికి గదులు కట్టారు. తోట చుట్టూ ట్రాక్టరు తిరిగి తిరిగి గట్టిపడిన మట్టిబాట ఉంది. ఒక చుట్టు కిలోమీటరుకు కొంచెం తక్కువ. పందెం దాని మీదే.

గేటు తీయకముందే అరుపులు వినిపించాయి. అవి మొరుగుడు కాదు, ఏడుపూ కాదు. గొంతు చించుకుని, ఊపిరి తీసుకోవడానికి కూడా ఆగకుండా చేసే గోల. లోపల ఏడెనిమిది హస్కీలు, రెండు జర్మన్ షెపర్డ్‌లు, ఒక పాయింటర్ ఉన్నాయి. ఒక మూల కాపలాదారు పెద్దాయన పక్కన గోధుమరంగు ఊరకుక్క ఒకటి కూర్చుని ఉంది. దాని పేరు మోతి. అరవనిది అదొక్కటే.

అల్వాల్ నుంచి వచ్చిన ఇంజినీరింగ్ అమ్మాయి తన కుక్క స్నోయికి పట్టా తొడుగుతుంటే దగ్గరగా నిలబడి చూశాను. మెడకు కట్టే బెల్టు కాదిది. మెత్త పెట్టి కుట్టిన పట్టీ రొమ్ము ఎముక మీదుగా వచ్చి, పక్కటెముకలను చుట్టి, వీపు మీద దాటి, తోక మొదట్లో ఒక కొండీ దగ్గర కలుస్తుంది. బరువు గొంతు మీద పడదు, రొమ్ము మీద పడుతుంది. ఆ కొండీ నుంచి సాగే తాడు ఒకటి సైకిలు దాకా వస్తుంది. తాడు వదులైనప్పుడు ముందు చక్రంలో చిక్కుకోకుండా హ్యాండిల్ కింద ప్లాస్టిక్ పైపు ఒకటి ముందుకు పొడుచుకొచ్చేలా బిగించారు. అది మేడ్చల్‌లో నీళ్ల పైపులు అమ్మే దుకాణంలో కొన్నదే. పట్టాలో తల దూర్చడానికి స్నోయి తనంతట తనే ముందుకొచ్చింది. దాని ఒక కన్ను నీలం, ఒకటి గోధుమ. పట్టా బిగిసేసరికి నాలుగు కాళ్ల మీదా ఎగిరెగిరి పడుతోంది. ఇద్దరు పట్టుకుంటే తప్ప ఆగడంలేదు.

“ముందుగాల నాకు నమ్మబుద్ధి కాలే సార్,” అన్నాడు కాపలా పెద్దాయన. “నోరులేని జీవితోని బండి గుంజిపిచ్చుడేంది, పాపం తగుల్తది అనుకున్న. ఇప్పుడు చూస్తున్నరు గదా, పట్టా కనపడితె చాలు, ఎగురుడే ఎగురుడు. వద్దన్నా ఆగయి.”

ఒక్కొక్కరే బయల్దేరుతారు. రెండేసి నిమిషాల ఎడం. అందరినీ ఒకేసారి వదిలితే తాళ్లు పెనవేసుకుని కుక్కలు కొట్లాడుకుంటాయి. అందుకే అలాస్కాలోనూ ఇదే పద్ధతి. పోటీ పక్కవాడితో కాదు, గడియారంతో. సెల్‌ఫోన్ పట్టుకున్న కుర్రాడు “మూడు, రెండు, ఒకటి” అన్నాడు. పట్టుకున్నవాళ్లు చేతులు వదిలారు.

ఆ క్షణంలో స్నోయి నోరు మూసుకుంది. అప్పటిదాకా తోటంతా దద్దరిల్లేలా అరిచిన కుక్క ఒక్కసారిగా నిశ్శబ్దమై, చెవులు వెనక్కి వాల్చి, వీపు కిందికి దించి, పొట్ట నేలకు ఆనేంత వంగి దూసుకుపోయింది. వినిపించేది గోళ్లు మట్టిని గీరే చప్పుడు, సైకిలు గొలుసు చప్పుడు, అంతే. అమ్మాయి పెడల్ తొక్కడం లేదు, బ్రేకు మీద వేళ్లు పెట్టుకుని కూర్చుంది. పొగమంచులో కడీల వెనక్కి వెళ్లి కనపడకుండా పోయి, మళ్లీ అటు చివర తేలారు. నేను చాలా పందేలు చూశాను. మనుషులవి, ఎడ్లవి, మలక్‌పేటలో గుర్రాలవి. పని మొదలవగానే ఇంతగా కుదురుకునే జంతువును ఎక్కడా చూడలేదు. దాని లోపల ఎప్పటినుంచో ఉన్నది బయటికి రావడానికి దారి దొరికినట్టు అనిపించింది. అపార్ట్‌మెంట్ బాల్కనీల్లో రోజంతా నాలుక చాచి పడుకుని ఉండే హస్కీలను చూసినవాళ్లు ఇది ఒకసారి చూడాలి.

మొదటి విడత కుక్కలన్నీ తిరిగొచ్చాక ఆట ఆగింది. తూర్పు వైపు నుంచి గొర్రెల మంద బాట మీదికి వచ్చేసింది. గొంగడి కప్పుకున్న కురుమ పెద్దాయన, ఆయన వెనక బక్కపలచని కుక్కలు రెండు. పట్టాల్లో ఉన్న హస్కీలు మందను చూసి తాడు తెంపుకునేంత పని చేశాయి. నలుగురూ కలిసి వాటిని షెడ్డులోకి లాక్కెళ్లారు. మంద దాటడానికి పది నిమిషాలు పట్టింది. ఆయన తాపీగా కర్రకు ఆనుకుని మా బండ్లను చూశాడు.

“గీ కుక్కలు బండి గుంజనీకెనే పుట్టినయా?”

“అవు తాతా, వీటి దేశంల గదే పని,” అన్నాడు కుర్రాడు.

“మంచిది మరి. పని ఎర్కున్న కుక్కను ఊకె కూసోబెడితె ఖరాబైతది,” అని మందను తోలుకుని వెళ్లిపోయాడు. ఆయన కుక్కలు రెండూ మా వైపు చూడనైనా చూడలేదు. ఒకటి మంద ముందు, ఒకటి వెనక సర్దుకుని పోయాయి.

ఈ తోటలో ఆటను మొదలుపెట్టినాయన చాలా ఏళ్లు మిన్నెసొటాలో ఉండి వచ్చారు. ఇప్పుడు జీనోమ్ వ్యాలీలో టీకాల కంపెనీలో ఉద్యోగం. మంద దాటేదాకా టీ తాగుతూ కబుర్లు చెప్పారు. ఆయన ఉన్నచోట సుపీరియర్ సరస్సు ఒడ్డున, 19వ శతాబ్దం చివర్లో జాన్ బేర్‌గ్రీజ్ అనే ఒజిబ్వే తెగ మనిషి కుక్కల బండి మీద ఊరూరికీ ఉత్తరాలు మోసేవాడట. ఆయన పేరు మీద ఇప్పటికీ ఏటా పందెం జరుగుతుంది. అది రోజుల తరబడి సాగే దూరపు పందెం. మన తోటలో ఆడేది మాత్రం స్ప్రింట్, పొట్టి పరుగు. పొట్టి అంటే మనకు పొట్టి కాదు. నాలుగు కుక్కల బండికి ఇంచుమించు నాలుగు మైళ్లు, ఆరు కుక్కలకు ఆరు మైళ్లు, అలా కుక్కకో మైలు చొప్పున లెక్క. ఇలాంటి స్ప్రింట్ పందేలన్నిటికన్నా పేరున్నది అలాస్కాలో, ఆంకరేజ్ నగరంలో ఫిబ్రవరి చివర్లో ఫర్ రాండెవూ ఉత్సవాల్లో జరిగేది. 1946 నుంచి ఉంది. రోజుకు సుమారు 40 కిలోమీటర్లు, మూడు రోజులు పరుగెత్తి, మూడు రోజుల సమయాన్నీ కలిపి విజేతను తేలుస్తారు. బయల్దేరేది ఊరి నడిబొడ్డున నాలుగో వీధిలో. వీధిలో తీసేసిన మంచును లారీలతో మళ్లీ తెచ్చి రోడ్డు మీద పోసి పరుస్తారు.

ఆ పందేన్ని పదిసార్లు గెలిచిన జార్జ్ అట్లా గురించి చెప్పేటప్పుడు ఆయన గొంతు మారింది. అట్లా 1933లో పుట్టిన అథబాస్కన్ ఆదివాసి. ఊరు హుస్లియా. చిన్నతనంలో క్షయ సోకి ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లో గడిపాడు. ఒక మోకాలు వంగకుండా బిగుసుకుపోయింది. స్లెడ్జి వెనక నిలబడేవాడు ఎత్తు వచ్చినప్పుడు ఒక కాలితో నేలను తన్నాలి, దిగి పరుగెత్తాలి. మోకాలు వంగనివాడికి అది ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. అయినా 1958లో మొదటిసారి గెలిచాడు, 1982లోనూ గెలిచాడు. 2015లో చనిపోయేదాకా తన ఊరి పిల్లలకు కుక్కలను తీర్చిదిద్దడం నేర్పుతూనే ఉన్నాడు. ఆయన తర్వాత చెప్పుకోవలసినవాడు ఎనిమిదిసార్లు గెలిచిన రోలండ్ లాంబర్డ్. మసాచుసెట్స్ నుంచి వచ్చిన పశువుల డాక్టరు. ఒకరు కుక్కల మధ్యే పుట్టి పెరిగినవాడు, ఒకరు కుక్కల ఒళ్లు చదివినవాడు. ఇద్దరూ ఏళ్ల తరబడి తలపడ్డారు.

“మనవాళ్లు నీలికళ్లు చూసి హస్కీని కొంటారు గానీ, ఆ పందేల్లో గెలిచేవి ఇవి కావు,” అన్నారాయన. నిజమే. సైబీరియన్ హస్కీ చుక్చీ ప్రజలు పెంచిన జాతి. 20వ శతాబ్దం మొదట్లో నోమ్ పట్టణపు పందేల కోసం అలాస్కాకు తెచ్చారు. ఆ తర్వాత పరుగులో దానికన్నా వేగంగా ఉండే అలాస్కన్ హస్కీలు వచ్చాయి. అవి ఒక జాతి అనడానికి లేదు, పరుగును బట్టి ఏరి ఏరి కలిపినవి. యూరప్‌లో వాటికి పాయింటర్‌ను కలిపి యూరోహౌండ్ తయారుచేశారు. పొట్టి జుట్టు, సన్నని నడుము, పొడవాటి కాళ్లు. మంచు ఎరగని తోటలోని ఆ ఒక్క పాయింటరే ఆ రోజు అందరికన్నా తక్కువ సమయంలో చుట్టు ముగించిందంటే నాకేమీ ఆశ్చర్యం కలగలేదు.

నోమ్ పేరు వచ్చాక 1925 కథ చెప్పకుండా ఉండలేకపోయారు. ఆ జనవరిలో నోమ్‌లో కంఠసర్పి పుట్టింది. పిల్లలు పోతున్నారు. మందు నెనానాలో రైలు దిగింది గానీ అక్కడి నుంచి 674 మైళ్లు, రోడ్డు లేదు. ఇరవై మంది మషర్లు, అంటే కుక్కల బండ్లు తోలేవాళ్లు, నూట యాభై దాకా కుక్కలు చేతులు మార్చుకుంటూ అయిదున్నర రోజుల్లో చేర్చారు. చివరి మజిలీ పరుగెత్తిన బాల్టో అనే కుక్కకు ఆ ఏడాదే న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో విగ్రహం పెట్టారు. అందరికన్నా ప్రమాదకరమైన, పొడుగైన మజిలీ మాత్రం సెప్పాలా అనే మషర్ కుక్క టోగోది. ఈ కథ టీకాలు తయారుచేసే మనిషి నోట వినడంలో ఒక బరువు ఉంది. మేడ్చల్‌లోనే 1990లలో శాంతా బయోటెక్నిక్స్ దేశంలో మొదటి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా తయారుచేసింది. శామీర్‌పేట పక్కన జీనోమ్ వ్యాలీ నుంచి భారత్ బయోటెక్ కొవాగ్జిన్ వచ్చింది. కుక్కలు ప్రాణాలకు తెగించి మోసినలాంటి సీసాలు ఇప్పుడు ఈ రెండు ఊళ్ల మధ్య రోడ్ల మీద ఐస్ పెట్టెల్లో రోజూ పోతుంటాయి. “పెట్టెలో చల్లదనం పోకుండా ఊరికి చేర్చడమే ఇప్పటికీ కష్టమైన పని,” అన్నారాయన.

మంద దాటింది. రెండో విడత మొదలైంది. అప్పటికి మంచు విచ్చి, ఎండ కడీల మీద పడుతోంది. ఫోన్‌లో 17 డిగ్రీలు. మనకు హాయిగా ఉంది. కుక్కల సంగతి వేరు. కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. పరుగులో కండరాల నుంచి పుట్టే వేడి చాలావరకు నాలుక మీదుగా, ఊపిరితోనే పోవాలి. రెండు పొరల జుట్టున్న హస్కీకి సున్నాకు పది, పదిహేను డిగ్రీలు కిందే అసలు సుఖం. అందుకే ఈ తోటలో ఒక నియమం పెట్టుకున్నారు. ప్రతి కుక్కా రాగానే మూతి, చిగుళ్లు చూస్తారు. నాలుక చివర వెడల్పై పక్కకు వేలాడితే ఇంకో చుట్టు లేదు. స్నోయి రెండో చుట్టులో సగం దాకా బాగానే వచ్చి, మలుపు దగ్గర నడకలోకి దిగింది. అమ్మాయి కూడా వెంటనే సైకిలు దిగి, తాడు విప్పి, పక్కన నడుస్తూ తీసుకొచ్చింది. ఎవరూ ఏమీ అనలేదు. నీళ్లలో తడిపిన గుడ్డ పొట్ట కింద, తొడల లోపలి వైపు అద్దారు. ఈ ఆటలో నాకు నచ్చిన గెలుపు అదే.

ఆ తర్వాతే మోతిని కట్టారు. మొదటి విడతలోనూ అది పరుగెత్తింది, అప్పుడు హస్కీల వెనకే వచ్చింది. ఇప్పుడు ఎండలో కూడా దాని వేగం తగ్గలేదు. చెవులు నిక్కబొడుచుకుని, దారిలో తీతువు పిట్టలు లేస్తే ఒకసారి తల తిప్పి, మళ్లీ సర్దుకుని, అదే అడుగుతో చుట్టు పూర్తిచేసింది. వచ్చాక నాలుక బయట పెట్టింది గానీ రొప్పడం లేదు. పెద్దాయన దాని వీపు మీద చేత్తో రాసి, “ఇది ఈ ఎండల పుట్టింది సార్,” అన్నాడు. ఎనిమిదిన్నరకు పట్టాలన్నీ విప్పేశారు.

మధ్యాహ్నం తోటలో ఉన్నవాళ్లం కొందరం శామీర్‌పేట పెద్ద చెరువు దగ్గరికి వెళ్లాం. ఆదివారం కాబట్టి కట్టమైసమ్మ గుడి దగ్గర జనం. బోనాలు ఎత్తుకొచ్చినవాళ్లు, చెట్ల కింద రాళ్ల పొయ్యిలు పెట్టి మాంసం వండుకునేవాళ్లు, కొత్త బండికి పూజ చేయించేవాళ్లు. వంట జరిగే ప్రతిచోటా నాలుగైదు ఊరకుక్కలు ఓపిగ్గా కూర్చుని ఉన్నాయి. ఆకు పక్కన పెట్టిన ఎముక కోసం ఒక్కటీ తొందరపడలేదు.

వాటిని చూస్తుంటే మాట మన జాతుల మీదికి మళ్లింది. కొల్లేరు చుట్టుపక్కల జోనంగి కుక్కలున్నాయి. పొట్టి జుట్టు, ముడతలు పడిన నుదురు. బాతుల మందలను చెరువుల వెంట తోలేవాళ్లకు అవే తోడు. చేపల చెరువులు పెరిగి ఆ పని తగ్గేకొద్దీ జోనంగులూ తగ్గాయి. కర్ణాటకలోని ముధోల్ వేటకుక్కను అక్కడి ఘోర్పడే రాజులు నిలబెట్టారు. 2005లో దాని మీద తపాలా బిళ్ల వచ్చింది, తర్వాత సైన్యమూ దాన్ని పరీక్షించి చూసింది. పరుగు అన్నమాటకు మన దక్కన్‌లో అర్థం చెప్పాలంటే ఆ కుక్కే చెప్పాలి. జోనంగి మందను తోలుతుంది, ముధోల్ వేటాడుతుంది. ప్రతి కుక్కకూ దాని పని దానికుంది. హస్కీ పని బండి లాగడం. ఆ పని ఇవ్వలేనప్పుడు దాన్ని తెచ్చి ఎనిమిదో అంతస్తులో పెట్టడం ప్రేమ కాదని నా నమ్మకం. వ్యాపారానికి పిల్లలు పెట్టించడం కోసం విదేశీ కుక్కల దిగుమతిని కేంద్రం 2016లోనే ఆపింది. అయినా ఇక్కడే పుట్టించి అమ్మేవాళ్లు అన్ని నగరాల్లోనూ ఉన్నారు.

లాగించడం తప్పా ఒప్పా అన్న ప్రశ్న మనకు కొత్తది కాదు. సంక్రాంతి, శివరాత్రి వస్తే ఒంగోలు గిత్తలు బండ లాగే పోటీలు కృష్ణా, గుంటూరు, ప్రకాశం, సూర్యాపేట పల్లెల్లో జరుగుతాయి. పళ్లను బట్టి విభాగాలు, నిర్ణీత సమయంలో ఎన్ని అడుగులు లాగిందన్నది లెక్క. 2014లో సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందేలను ఆపింది. 2023లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్టాలను రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. మంచుదేశాల్లోనూ మచ్చలున్నాయి. 2010లో కెనడాలోని విస్లర్ దగ్గర, ఒలింపిక్స్ అయ్యాక పర్యాటకులు తగ్గారని పదుల కొద్దీ స్లెడ్జి కుక్కలను చంపేశారు. అది బయటపడ్డాక బ్రిటిష్ కొలంబియాలో చట్టం బిగించారు. కొరడాతో, ముల్లుకర్రతో లాగించేది, డబ్బు పోగానే చంపేది నా దృష్టిలో ఆట కాదు. స్నోయి నడకలోకి దిగగానే దిగిపోయిన ఆ అమ్మాయిది ఆట.

ఆ అమ్మాయి కూడా చెరువు దగ్గరికి వచ్చింది. స్నోయి కారులో ఏసీ ముందు బోర్లా పడుకుని నిద్రపోతోంది. అద్దంలోంచి చూసిన ఒక కొత్త జంట దగ్గరికొచ్చి, కుక్క ఎంతైంది, ఎక్కడ కొన్నారు, తమకూ ఒక పిల్ల కావాలని అడిగారు.

“వద్దక్కా,” అందా అమ్మాయి. “ఇంటర్‌లో ఉన్నప్పుడు నాన్న కొనిచ్చిండు. ఎండాకాలం నాలుగు నెలలు గది దాటదు. జుట్టు రాలితే ఇల్లంతా దూదే. పొద్దున అయిదింటికి నేను లేవకపోతే సోఫా చింపేస్తది. నాకు ప్రాణం అది, కానీ ఇంకోటి తేను.”

జంట మొహాలు వాడిపోవడం చూసి, తోటలో ఊరకుక్క ఈనిందని, మూడు పిల్లలున్నాయని, వాటి తండ్రి మోతి అని చెప్పింది. ఫోన్‌లో మోతి పరుగెత్తే వీడియో చూపించింది. ఆ భర్త దాన్ని రెండుసార్లు చూశాడు. టీకాలు వేయించి ఇస్తామని, తోటకు దారి ఎలాగో చెప్పి, వచ్చే ఆదివారం తెల్లవారకముందే రమ్మంది. జనవరి దాటితే ఎండ ముదురుతుందని, బండ్లు షెడ్డులో పెట్టేస్తారని, ఈలోగా వస్తే పరుగు కూడా చూడొచ్చని చెప్పింది.